చేదున్న సీసా

తన చేతి మీదుగా ఒక ప్రాణం పోతుందేమోనన్నది రోజారమణికి అన్నిటికన్నా పెద్ద భయం. చీకటన్నా, పామన్నా ఆమెకు అంత భయం లేదు. పాప శ్రీసత్యకు జ్వరమొస్తే మాత్రం మందు పోసిన మూతను వెలుతురుకు పట్టి గీత చూసుకునేది, తాగించబోతూ మళ్ళీ చూసుకునేది, పాప మింగేశాక ఖాళీ మూతను కూడా ఒకసారి చూసుకునేది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. సీసా మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే పేరు పలికేది గానీ, ఆ పేరున్న మందు లోపలికి వెళ్ళి ఏం చేస్తుందో తెలిసేది కాదు.

అలాంటి మనిషి చేతిలోకి ఒకటి కాదు, రెండిళ్ళ మందులు వచ్చి పడ్డాయి.

మొదటిది తన ఇల్లే. దువ్వాడ స్టేషనుకు కాస్త ఎడంగా, మేడ కింద అద్దె పోర్షను. భర్త కన్నబాబు ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు మీద పని చేస్తాడు. అత్త సన్యాసమ్మ రోజారమణికి పరాయిది కాదు, తండ్రి తోడబుట్టింది. ఉక్కునగరం క్వార్టర్లలో తోటపనికి వెళ్ళేది. ఒక పొద్దున చెట్లకు నీళ్ళు పెడుతూ పెడుతూ కూలబడిపోయింది. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి పక్కకు తిరిగింది. మాట ముద్దగానైనా మిగిలింది, నోటి దురుసు మాత్రం చెక్కు చెదరలేదు.

వైద్యం చేసిన ఆస్పత్రిలో గురునాథరావు అనే డాక్టరు ఒక పరిశోధన నడుపుతున్నాడు. చైనాలో పక్షవాతానికి తరతరాలుగా కాచి ఇచ్చే మూలికల మందు ఒకటుంది. దాన్ని గుళికల్లో నింపి, మామూలు మాత్రలతో పాటు ఇస్తే ఎంతవరకు పని చేస్తుందో చూడాలని ఆయన ప్రయత్నం. రోగుల ఇళ్ళవాళ్ళకు సంగతి వివరించే పని ఆశాజ్యోతిది. తెల్లకోటు వేసుకున్న చిన్నపిల్ల, ఓపికగా చెప్పింది.

"ఇందులో వేళ్ళు ఉంటాయండీ, ఎండు పువ్వులు ఉంటాయి, ఎండబెట్టి పొడి చేసిన వానపాము కూడా కొంచెం ఉంటుంది. ముందే చెప్పాలి కదా."

"ఎర్రలా?" అంది మంచం మీంచి సన్యాసమ్మ. "గేలానికి గుచ్చి సేపలకేసీవోళ్ళం. ఇప్పుడు నాకేత్తన్నారేటి?"

"అది చైనాలో మందేనమ్మా."

"సైనాదా? మా ఓడు కొన్న సైనా ఫోను మూడ్నెల్లు మాటాడి మూగైపోనాది. నాను ఇప్పటికే సగం మూగని."

ఆశాజ్యోతి నవ్వు ఆపుకుని రోజారమణి వైపు తిరిగింది. "ఇంకో ముఖ్యమైన సంగతి. అసలు మందు అందరికీ రాదండీ. సగం మందికి అసలుది వెళ్తుంది, సగం మందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త గుళిక వెళ్తుంది. ఎవరికి ఏది వెళ్ళిందో నాకు తెలీదు, డాక్టరుగారికీ తెలీదు. హైదరాబాద్‌లో కంప్యూటరు చీట్లు వేసినట్టు వేస్తుంది. మామూలు మాత్రలు అందరికీ ఉంటాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఎక్కడి నుంచైనా రక్తం కనపడితే మాత్రం ఆ నిమిషమే నాకు ఫోన్ చెయ్యాలి. అర్థమైందా అండీ?"

"అయిందండీ" అంది రోజారమణి.

అర్థం కాలేదు. రోగంతో ఉన్న మనిషికి తెలిసి తెలిసి ఉత్తది ఎందుకిస్తారో ఆమెకు అంతుపట్టలేదు. అడుగుదామనుకుంది. వెనకాల ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్ళ ముందు అడిగితే చదువు రాదని తేలిపోతుందని నోరు నొక్కుకుంది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్తే కన్నబాబు అన్నం కలుపుకుంటూ తేల్చేశాడు. "సీట్లూ నేదు, గీట్లూ నేదు. అసలుది పర్మినెంటోళ్ళకి, ఉత్తది కాంట్రాక్టోళ్ళకి. ఇంకెలగుంటాది?"

"అలగనేదు బావా. కంప్యూటరు ఏత్తాదంట."

"ఆ కంప్యూటరెవుడిది? పర్మినెంటోడిదే." తన జోక్‌కు తనే నవ్వుకుని చెయ్యి కడుక్కుని షిఫ్టుకు వెళ్ళిపోయాడు. ఆయన మర్చిపోయిన ఆ మాట రోజారమణి మనసులో ఉండిపోయింది. ప్లాంటు గేటు పాసు రంగు నుంచి జీతం దాకా మనుషుల్ని రెండు వరసలుగా నిలబెట్టే ఊరు అది. చీటీ పడితే ఎవరికైనా రావచ్చు అన్నది ఆమె ఎక్కడా చూసినది కాదు.

రెండో ఇల్లు వీధికి అవతలి వైపుది. చలమయ్యగారు పోర్టులో సిగ్నల్‌మాన్‌గా చేసి రిటైరయ్యారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనుషులు. ఆయనకూ అదే జబ్బు, అదే డాక్టరు, అవే గుళికలు. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది, "హబేస్". ఓడలోంచి సరుకు పైకెత్తమని క్రేన్ మీదవాడికి కేక వేసే మాటది. కాఫీ కావాలన్నా హబేసే, ఫ్యాను ఆపమన్నా హబేసే. ఆయన భార్య రామలక్ష్మమ్మ అన్నిటికీ అర్థం చెప్పేది.

ఆవిడకు షుగరుతో చూపు మందగించింది. తెల్ల మాత్రలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయని ఒకరోజు తన డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మడూ, నువ్వు చదువుకున్నదానివి కదా, ఇవి కాస్త పొద్దుటివీ సాయంత్రానివీ వేరు చేసి పెట్టమ్మా."

చదువుకున్నదానివి. రోజారమణిని ఆ మాట అన్నది ప్రపంచంలో ఆవిడొక్కతే. ఆ రోజు నుంచి వంట కాగానే పాపను చంకనేసుకుని ఆ ఇంటికి వెళ్ళి డబ్బా సర్దడం అలవాటైంది. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఇద్దరి గుళికల సీసాలూ తనే తెచ్చేది. రామలక్ష్మమ్మ పాప చేతిలో అరిసె ముక్క పెట్టి, "మీ అమ్మ లేకపోతే మా ఆయన మందులు గోవిందా" అనేది.

కొన్నాళ్ళకు చలమయ్యగారి కుడిచెయ్యి కదిలింది. వ్యాయామం చేయించే కుర్రాడు భుజం పట్టుకుని లెక్క పెడుతుంటే, "హబేస్... హబేస్" అని తన చేతికి తనే ఆజ్ఞ వేసుకుంటూ ఆయన మోచేతిని గుండె ఎత్తుకు తెచ్చారు. రామలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రోజారమణి కూడా కళ్ళు తుడుచుకుంది. ఇంటికొచ్చి అత్త చేతిని చూసింది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఎక్కడ పెడితే అక్కడే పడి ఉంది.

మరుసటి రోజు రామలక్ష్మమ్మ ఇంట్లో మాత్రలు సర్దుతుంటే శ్రీసత్య చప్పుడు లేదు. తిరిగి చూసేసరికి పాప చలమయ్యగారి గుళికను కొరికి మొహం వికారంగా పెట్టి ఉమ్మేస్తోంది. రోజారమణి పాప నోట్లో వేలు పెట్టి గోధుమరంగు పొడంతా తీసేసింది, నీళ్ళతో నోరు కడిగింది, మళ్ళీ వేలు పెట్టి చూసింది. పాప ఏడుపు మానేసి అరిసె అడిగాక గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. అప్పుడు తన వేలికంటిన పొడిని నాలుక కొసకు తాకించుకుంది. నేలవేము కషాయంలా చేదు.

చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమె తల్లి ముక్కు మూసి పోసేది ఆ కషాయాన్నే. అది తాగితే జ్వరం తగ్గేది. మందు రుచి అంటే ఆమెకు తెలిసింది ఆ రుచే.

ఇంటికొచ్చి అత్త సీసాలోంచి ఒక గుళిక తీసి విప్పింది. రంగు అదే. నాలుక మీద వేసుకుంటే చేదు లేదు. ఎండుకర్ర నమిలినట్టు, చివర్లో కాస్త తియ్యగా ఉంది.

కన్నబాబు మాట అప్పుడు గుర్తొచ్చింది. పోర్టులో పర్మినెంటుగా చేసి పింఛను తీసుకునే ఇంటికి చేదుది, కాంట్రాక్టువాడి తల్లికి తియ్యటిది.

అనుమానం వచ్చినప్పుడు ఆశాజ్యోతికి ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది. ఆ మాట రోజారమణి తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు. కానీ అడగడానికి ఆస్పత్రిలో ఆ రోజు ఎంత సిగ్గేసిందో ఈసారీ అంతే వేసింది. తర్వాతి నెల సీసాలు తీసుకుని ఆటోలో ఇంటికొచ్చింది. వంటింట్లో గడప మీద కూర్చుని, రెండు పళ్ళేల్లోకి రెండు సీసాలు ఒంపింది. అటువి ఇటు పోసింది, ఇటువి అటు పోసింది. చీటీలు మాత్రం ఎవరివి వాళ్ళ సీసాల మీదే ఉన్నాయి. పాప చూస్తోందని వీపు తిప్పుకుంది. ఏడాదిన్నర పిల్లకు ఏం తెలుస్తుంది, అయినా తిప్పుకుంది.

చలమయ్యగారికి ఎలాగూ చెయ్యి లేచింది కదా, ఇంకేం నష్టం అని సర్దిచెప్పుకుంది. ఆ సాయంత్రం డబ్బా సర్దుతుంటే రామలక్ష్మమ్మ ఎప్పటిలాగే పాప చేతిలో ఏదో పెట్టింది. రోజారమణి అది పాప చేతిలోంచి లాక్కుని తిరిగి ఇచ్చేసింది. "కడుపు బాగోనేదు అమ్మగారూ దీనికి" అంది. అబద్ధం.

అత్తకు మాత్రం తేన్పులు మొదలయ్యాయి. "ఏటే ఇది, సేదు తేన్పులొత్తన్నాయి" అని సన్యాసమ్మ గొణుగుతుంటే కోడలికి లోపల్లోపల సంతోషం. అత్త వేళ్ళు మునుపటికన్నా కదులుతున్నట్టు కూడా అనిపించింది. చూడాలనుకున్నవాళ్ళకు కనపడేటంత కదలిక.

ఒకరోజు రామలక్ష్మమ్మ అంది, "ఆయనగారికి చిగుళ్ళలోంచి రక్తం వస్తోందమ్మా. దిండు గలీబు మీద మరక చూసి నేను టీ మరకనుకున్నాను."

రక్తం కనపడితే ఆ నిమిషమే ఫోన్ చెయ్యాలన్న మాట రోజారమణి చెవుల్లో మోగింది. ఫోన్ చేస్తే సీసాలు తెమ్మంటారు. తెస్తే పరీక్ష చేస్తారు.

"బ్రష్షు గట్టిదేమో అమ్మగారూ. మెత్తటిది కొనండి" అంది.

రామలక్ష్మమ్మ మెత్తటి బ్రష్షు తెప్పించింది. చదువుకున్న పిల్ల చెప్పింది కదా. ఆ వారంలోనే చలమయ్యగారికి నల్లగా విరోచనమై, కళ్ళు తేలేశారు.

అంబులెన్సులో రోజారమణి కూడా ఎక్కింది. మందుల సంగతి తెలిసినదానివి నువ్వు రావాలమ్మా అని రామలక్ష్మమ్మ చెయ్యి వదల్లేదు. పాపను అత్త పక్కన పడుకోబెట్టి, చూస్తుండమని మేడ మీదావిడకు చెప్పి వచ్చింది. ఆస్పత్రిలో లోపల రక్తం ఎక్కిస్తున్నారు. వరండాలో బల్ల మీద ఆడవాళ్ళిద్దరూ కూర్చున్నారు. పాత ఊళ్ళోని వన్ టౌన్ నుంచి రామలక్ష్మమ్మ తమ్ముడు దేవీప్రసాద్ దుకాణం మూయించి బయల్దేరాడట, ఇంకా రాలేదు.

ఆశాజ్యోతి పరుగున వచ్చింది. ఇలాంటి అవసరంలో మాత్రం ఏది అసలుదో ఏది ఉత్తదో విప్పి చూడొచ్చట. హైదరాబాద్‌కు ఫోన్ చేసి, పేరూ నంబరూ చెప్పి, అటువైపు మాట విని, తేలికగా ఊపిరి వదిలింది.

"కంగారు పడకండమ్మా. చలమయ్యగారికి వెళ్ళింది ఉత్త గుళికలేనట. మొదటి నుంచీ అవే. ఈ రక్తం మా మందు వల్ల కాదు. వేరే కారణం ఏదో లోపల డాక్టర్లు చూస్తారు. గుళికలు మానక్కర్లేదు, మామూలుగా వేసెయ్యండి."

రోజారమణి రామలక్ష్మమ్మ చేతిసంచి వైపు చూసింది. చేదుది ఉత్తది. తియ్యటిదే మందు. అత్తకు దక్కిన మందును తన చేత్తో తీసి, దాన్ని ఈయన కడుపులోకి పంపింది. ఆ మాట చెప్పకపోతే డాక్టర్లు ఈ గుళికను వదిలేసి ఇంకెక్కడో వెతుకుతారు.

అయినా చెప్పలేక లేచింది. మంచినీళ్ళ కుళాయి దాకా వెళ్ళింది, తాగకుండానే తిరిగొచ్చింది. పాప ఏడుస్తుందేమో ఇంటికెళ్ళాలి అందామనుకుంది. ఇంటికెళ్ళాక ఫోన్‌లో చెప్పొచ్చు. ఫోన్‌లోనైతే మొహం కనపడదు.

రామలక్ష్మమ్మ చేతిసంచిలో తడిమి సీసా తీసింది. "అన్నం వేళ దాటిపోయింది. మానక్కర్లేదన్నారు కదా, ఒక గుళిక తీసి ఆ నర్సమ్మకియ్యి అమ్మడూ. నేను తీస్తే కింద పోస్తాను."

సీసా రోజారమణి చేతిలోకి వచ్చింది. మూత తిప్పింది. గుళిక అరచేతిలో పడింది. ఆ చెయ్యి ఇక ముందుకు పోలేదు.

"ఇయ్యి ఈయనయి కావు అమ్మగారూ" అంది. "మా అత్తయి. నానే మార్సీసినాను."

రామలక్ష్మమ్మకు అర్థం కాలేదు. ఆశాజ్యోతికి అయింది. "ఎప్పట్నుంచి?"

"ఈ నెల సీసాలిచ్చినారు కదా, ఆ రోజు కాణ్ణుంచి. సేదున్నదే మందనుకున్నాను. మా అత్తకి తియ్యటిదొచ్చింది. సిగుళ్ళలోంచి రక్తమొచ్చిందని అమ్మగారు నాకు సెప్పినారు. బ్రష్షని సెప్పినాను."

ఆశాజ్యోతి చివరిదాకా వినలేదు, లోపలికి పరుగెత్తింది. వరండాలో అటూఇటూ ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. రామలక్ష్మమ్మ మసక కళ్ళతో రోజారమణి ఉన్న వైపే చూసింది. తిడుతుందనుకుంది రోజారమణి. తిడితే బాగుండుననుకుంది.

"నాకు కళ్ళు సరిగ్గా కనపడవని నీకు తెలుసు కదమ్మా" అంది ఆవిడ.

అంతే అంది. చెయ్యి చాచింది. రోజారమణి ఆ చేతిలో సీసా పెట్టింది. ఆవిడ సంచిని తన అవతలి పక్కకు మార్చుకుంది.

డాక్టరు గురునాథరావు తర్వాత రోజారమణిని గదిలోకి పిలిచాడు. కోప్పడలేదు. "రుచి చూసేవాళ్ళు ఉంటారని ఉత్తదానికి చేదు కలిపించింది మేమేనమ్మా. మూలికలంటే చేదే అనుకుంటారు కదా అందరూ. అసలుదాన్లో ఎక్కువగా ఉండే వేరు తియ్యగా ఉంటుంది. ఆ తేడా దాచలేకపోవడం మా తప్పు. మీరు సమయానికి చెప్పారు, ఆ గుళిక ఆపాం, రక్తం పల్చన చేసే మాత్ర కూడా ఆపాం."

"గుళిక వల్లేనాండీ?"

"అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఆ మాత్ర ఆపినన్నాళ్ళూ మళ్ళీ పక్షవాతం వస్తుందేమోనని చూసుకుంటూ ఉండాలి."

"మరి సెయ్యెలగ లేసినాది, ఉత్తదేస్తే?"

"వ్యాయామం. ఆయన పట్టుదల."

డాక్టరుగారు తప్పులో సగం తన మీద వేసుకోవడం రోజారమణికి ఇంకా సిగ్గనిపించింది. సమయానికి చెప్పారన్న మాటైతే అసలు వినలేకపోయింది. సమయం ఎప్పుడో చిగుళ్ళ దగ్గరే దాటిపోయింది. ఇద్దరి పేర్లూ పరిశోధనలోంచి తీసేశారు.

ఇంట్లో కన్నబాబు విని తల పట్టుకున్నాడు. "నాను నవ్వులాటకన్నానే."

"నానలగనుకోనేదు బావా."

సన్యాసమ్మ కోడల్ని దగ్గరికి రమ్మంది. గోడ వైపు చూస్తూ, ముద్ద మాటల్తో, ఒక్కొక్కటే కూడదీసుకుంటూ అంది. "పక్కోడి కంచంలోది తీసి నాకెట్టినావు. మేనకోడలివి, పెట్టినావు కదాని తినీసినాను. తెలిత్తే తింటానా? రామలక్ష్మమ్మ ఎదురుపడితే నా మొకమెక్కడెట్టుకోను?"

"నీకోసమే అత్తా."

"నాకోసమని ఎవులికీ సెప్పకు. నీకోసమని సెప్పుకో."

రామలక్ష్మమ్మ ఎదురుపడే అవసరం రాలేదు. చలమయ్యగారిని ఆస్పత్రి నుంచి నేరుగా వన్ టౌన్ తీసుకుపోయారు. దేవీప్రసాద్ వచ్చి సామాను వేయించుకుని ఇంటికి తాళం వేశాడు. రోజారమణి కిటికీలోంచి చూసింది గానీ బయటికి రాలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఒకసారి పాపను తీసుకుని వన్ టౌన్ దాకా వెళ్ళింది కూడా. టోకు దుకాణాల సందులో బస్తాలు మోసేవాళ్ళకు దారిస్తూ నిలబడి, దేవీప్రసాద్ పప్పుల కొట్టు, దాని మీద గది, గది కిటికీకి ఆరేసిన తువ్వాలు చూసింది. మెట్ల దగ్గర కాలు పెట్టింది. పైనుంచి ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఆయనదో కాదో పోల్చుకోలేక, పోల్చుకునేదాకా ఆగలేక, వచ్చిన ఆటోలోనే తిరిగొచ్చేసింది.

ఇప్పుడు పాపకు జ్వరమొస్తే మందు కన్నబాబు పోస్తున్నాడు. ఆయన షిఫ్టులో ఉంటే, వచ్చేదాకా తడిగుడ్డ వేస్తూ కూర్చుంటుంది రోజారమణి. చలమయ్యగారు బతికి ఉన్నారో లేదో తెలియకుండా ఆమె చెయ్యి మందు మూత పట్టుకోలేకపోతోంది. కనుక్కోవడానికి మొహం చెల్లడం లేదు.

అందుకని ఈ కథ చదివినవాళ్ళలో ఎవరైనా వన్ టౌన్ వైపు వెళ్తే, పప్పుల కొట్టు దేవీప్రసాద్ అని అడిగి, పక్క మెట్లెక్కి ఒక్కసారి చలమయ్యగారిని చూసి రండి. ఎవరు పంపారని అడిగితే మీకు తోచింది చెప్పండి. రామలక్ష్మమ్మగారికి మాత్రలు ఎవరు సర్ది పెడుతున్నారో కూడా చూడండి. ఎవరూ లేకపోతే, కాస్త కూర్చుని, పేర్లు పైకి చదివి వినిపించి, ఆవిడ చేతికే ఇచ్చి రండి.